కొంగ తెలుపు, ఫ్లెమింగో ఎరుపు: చేతిరంగుల పాత నీటిపక్షుల ప్రింట్లపై సమీక్ష

పాత పుస్తకాల్లోంచి విడిపోయిన నీటిపక్షుల ప్లేట్లను, అంటే పేజీనిండా అచ్చేసిన బొమ్మలను, అమ్మేవాళ్లు ఆ పుస్తకాలు వేసినవాళ్ల పేర్లు చెప్పి అమ్ముతారు. ఇది గూల్డ్, అది ఆడుబాన్, ఆ మూలనున్నది బఫాన్ అంటారు. కొనేవాళ్లు కూడా పేరుకే డబ్బు పెడతారు. ఆ పేరు అబద్ధం కాకపోవచ్చు. కానీ రాతి మీదో రాగిరేకు మీదో గీసిన గీత అన్ని ప్రతుల్లోనూ దాదాపు ఒకటే. ప్రతికీ ప్రతికీ తేడా వచ్చేది కుంచెతో అద్దిన రంగులో, ఆ తర్వాత నూటయాభై, రెండొందల ఏళ్లలో ఆ రంగుకు పట్టిన గతిలో. ఒకే పుస్తకంలోని ఒకే కొంగ ఒక ప్రతిలో ప్రాణంతో నిలబడి ఉంటుంది, మరో ప్రతిలో బూడిదలో పొర్లినట్టు ఉంటుంది. అందుకే ఇక్కడ మార్కులన్నీ రంగుకే. గీసినవాడి కీర్తికి విడిగా మార్కులు లేవు.

పరీక్షకు తీసుకున్నవి విడి ప్లేట్లుగా తరచూ అమ్మకానికి వచ్చే రకాలు: బఫాన్ పక్షుల పుస్తకానికి మార్టినే చెక్కిన రాగి ప్లేట్లు, ఆడుబాన్ పెద్ద సైజు, చిన్న సైజు ప్రింట్లు, గూల్డ్ లితోగ్రాఫులు (రాతి మీద గీసి తీసిన అచ్చులు), మోరిస్ పుస్తకంలోని కర్రచ్చు బొమ్మలు. వాటి పక్కనే తర్వాతి కాలపు నకళ్లు, ఉచితంగా దొరికే స్కాన్లు.

ఇంతకీ నీటిపక్షులే ఎందుకంటే, రంగులద్దేవాళ్లకు ఇంతకంటే కష్టమైన పని లేదు. పిచ్చుకనైతే గోధుమరంగు పూతలు రెండు వేసి, పైన గీతలు లాగితే సరిపోతుంది. తెల్లకాగితం మీద తెల్లకొంగ సంగతి అలా కాదు. బాతు రెక్క మీది మెరుపు పట్టీ, ఫ్లెమింగో ఎరుపు, తడిసిన రెల్లు పచ్చదనం, కింద నీళ్లలో నీడ కూడా ఉండాలి. ఈ నాలుగైదు చోట్లే రంగు పాడయ్యేదీ, నకిలీ పట్టుబడేదీ.

రంగు ఎలా పడింది

ముందు నల్లగీత అచ్చు పడుతుంది. చిత్రకారుడు ఒక ప్లేటుకు తానే రంగులు వేసి నమూనాగా ఇస్తాడు. రంగుల కార్ఖానాలో ఆ నమూనాను ఎదురుగా పెట్టుకుని మిగతా ప్రతులన్నీ నింపుతారు. చాలాచోట్ల ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు, లేదా ఒక్కొక్క భాగం. ఒకరు ఆకాశపు పల్చటి పూత వేసి పక్కవారికి జరిపితే, వారు రెక్కల బూడిదరంగు వేసి ఇంకొకరికి ఇస్తారు. కన్ను, ముక్కు చేయితిరిగినవారి పని. మార్టినే ప్లేట్లకు ఎనభై మందికి పైగా పనిచేశారు. గూల్డ్ తన బ్రిటన్ పక్షుల పుస్తకం గురించి రాస్తూ, దాదాపు 2,80,000 బొమ్మలకు ఆకాశం దగ్గర్నుంచి ఈక వరకూ చేత్తోనే రంగు వేయించామన్నాడు. అంత పనిలో సోమవారం ఉదయం చేతికీ శనివారం సాయంత్రం చేతికీ తేడా రాకుండా ఎలా ఉంటుంది?

పూతల వరస తెలిస్తే మంచి పని ఏదో గుర్తుపట్టొచ్చు. మొదట పల్చటి లేత పూత, అది ఆరాక ముదురు పూత, ఆ పైన సన్నని కుంచె మొనతో ఈకల గీతలు, చివర కంటి మీద, ముక్కు మీద, రెక్క పట్టీ మీద గమ్ అరబిక్ (తుమ్మజాతి చెట్టు బంక) మెరుపు. తొందరపడిన చోట రెండో పూత మొదటిది ఆరకముందే పడి అంచులు కలిసిపోతాయి. నత్తగుల్ల కొంగ లాంటి పెద్ద పక్షిలో ఇది దాగుతుంది. ఉల్లంకిలో దాగదు, దాని వీపంతా సన్నటి గళ్లే కాబట్టి బురద పూసినట్టవుతుంది.

తెలుపు

మంచి కార్ఖానాల్లో కొంగ ఒంటికి తెల్లరంగు దాదాపు వాడరు. కాగితాన్నే వదిలేసి, కడుపు కింద, మెడ మలుపులో లేత బూడిదనీలం నీడ వేస్తారు. అలాంటి ప్లేటు ఎంత పాతబడినా కాగితంతో పాటే కాస్త పసుపెక్కుతుంది తప్ప పాడవదు. చిక్కు వచ్చేది చీకటి నేపథ్యం మీద విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు ఈకల దగ్గర. అక్కడ తెల్ల గీత లాగక తప్పదు, ఆ కాలంలో దానికి వాడింది ఎక్కువగా సీసపు తెలుపు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే అది లెడ్ సల్ఫైడ్‌గా మారి నల్లబడుతుంది. బొగ్గుపొయ్యిలూ గ్యాసు దీపాలూ ఉన్న ఇళ్లలో వేలాడిన ప్లేట్లకు ఇది మామూలు రోగం. కుచ్చు ఈకలు మసిబారినట్టు, కంటిలోని మెరుపు చుక్క గుడ్డిదైనట్టు కనిపిస్తాయి. అమ్మేవాళ్లు దాన్ని 'పాతదనం' అని గానీ, 'కాస్త మురికి' అని గానీ రాస్తారు. మురికి కాదది. పది రెట్ల భూతద్దంలో చూస్తే నలుపు సరిగ్గా కుంచె గీత మేరకే ఉంటుంది, పక్క కాగితానికి పాకదు. వెలుగు ఏటవాలుగా పడితే లోహపు మెరుపు కూడా కనిపించవచ్చు.

దీన్ని మళ్లీ తెల్లగా చేయవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లెడ్ సల్ఫైడ్ తెల్లటి లెడ్ సల్ఫేట్ అవుతుంది. అయితే అది కాగితం సంరక్షణ నేర్చినవాళ్ల పని. ఇంట్లో దూదితో అద్దితే తడి అంచు దగ్గర గోధుమ గీత పడుతుంది, పక్కనున్న ఎరుపు కరిగి పాకుతుంది, నలుపు పోయినచోట మచ్చ మిగులుతుంది. అలా మచ్చపడిన ప్లేట్లను నల్లబడినవాటికంటే తక్కువ ధరకు కూడా తీసుకోవద్దు.

జింక్ తెలుపు నీటిరంగుగా 1834లో 'చైనీస్ వైట్' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అది నల్లబడదు. 1770ల నాటి ప్లేటులో జింక్ తెలుపు ఉందంటే, ఎవరో తర్వాత చేయిచేసుకున్నారని లెక్క.

ఎరుపు, ఆకుపచ్చ

ఫ్లెమింగో కొనేటప్పుడు ఇద్దరు మోసపోతారు: వెలిసినదాన్ని బాగుందనుకునేవాడు, బాగున్నదాన్ని వెలిసిందనుకునేవాడు. ముందు అది ఏ జాతో చూడాలి. ఆడుబాన్ గీసింది అమెరికా ఫ్లెమింగో. అది మెడ నుంచి తోక దాకా నిండు ఎరుపు. గూల్డ్ యూరప్ పక్షుల పుస్తకంలోది పాత ప్రపంచపు పెద్ద ఫ్లెమింగో. దాని ఒళ్లు పాలలో గులాబీ చుక్క కలిపినంత లేత రంగే, ఎరుపంతా రెక్కలోనే. కాబట్టి ఆ ప్లేటులో ఒళ్లు లేతగా ఉంటే దోషం కాదు. రెక్క ఎరుపు పేలవంగా ఉంటేనే దోషం.

ఎరుపుకు ఎక్కువగా వాడింది కొచినీల్ పురుగు నుంచి తీసిన కార్మైన్. వెలుగుకు తట్టుకోదు. వెర్మిలియన్ (ఇంగిలీకపు ఎరుపు) అంతకంటే గట్టిది, కానీ వెలుగుకు అది నల్లబడే గుణం ఉంది. రెండూ వాడిన ప్లేటు కిటికీ పక్కన ఏళ్లపాటు వేలాడితే ఈకలు పాలిపోయి ముక్కూ కాళ్లూ ముదిరిపోతాయి. ఒకే బొమ్మలో ఈ రెండూ కలిసి కనబడితే ఎండ తిన్న ప్లేటని ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఆకుపచ్చ చాలావరకు గాంబోజ్ అనే చెట్టు బంక పసుపును ప్రష్యన్ నీలంతోనో నీలిమందుతోనో కలిపినది. పసుపు వెలిస్తే నీలం మిగులుతుంది. రెల్లుగడ్డి నీలంగా, మగ బాతు తల ఆకుపచ్చ పోయి ముదురు నీలంగా కనిపిస్తే కారణం అదే. ఇది అంత వికారంగా ఉండదు, చలికాలపు పొద్దులా బాగానే ఉంటుంది కూడా. కానీ ధర మాత్రం పచ్చగా ఉన్నదాని ధర కాకూడదు. రాగి పచ్చ వాడిన పాత ప్లేట్లలో ఇంకో తమాషా ఉంది. అది కాగితాన్నే కాలుస్తుంది. ప్లేటు తిప్పి చూస్తే పచ్చ ఉన్నచోట వెనకవైపు గోధుమ నీడ దిగి ఉంటుంది. చూడ్డానికి లోపమే, కానీ రంగు పాతదేనని చెప్పే సాక్ష్యం కూడా. కాగితం పెళుసెక్కి పగలనంతవరకూ దానికి మార్కులు తగ్గించనక్కర్లేదు.

బాతు రెక్క పట్టీ మీది గమ్ అరబిక్ మందంగా పడితే పొడివాతావరణంలో పగుళ్లిస్తుంది, తేమలో జిగటెక్కి ఎదుటి పేజీకి అంటుకుంటుంది. ఏటవాలు వెలుగులో ఒక్కసారి చూస్తే చాలు.

మార్టినే: చరిత్ర ఎక్కువ, ప్రాణం తక్కువ

1765 నుంచి 1780ల దాకా పారిస్‌లో వెలువడిన ఈ వరసలో 1008 ప్లేట్లున్నాయి. వాటిలో 973 పక్షులవే. డోబాంతోన్ పర్యవేక్షణ, మార్టినే గీత. కాగితం చాళ్లున్నది: వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే సుమారు అంగుళం ఎడంలో నిలువు గీతలు, వాటి మధ్య దగ్గర దగ్గరగా అడ్డగీతలు కనిపించాలి. అవి లేకుండా నున్నటి కాగితం ఎదురైతే అమ్మేవాణ్ని గట్టిగా ప్రశ్నించాల్సిందే.

బొమ్మలు చాలావరకు ఎండబెట్టిన, గడ్డి కూరిన నమూనాలను చూసి గీసినవి. అందుకే నిలబడ్డ తీరు కట్టెలా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, చచ్చిన పక్షికి ఈకల రంగు నిలిచినా కాళ్ల రంగు, ముక్కు మొదటి చర్మం రంగు పోతాయి. కొంగలు, ఉల్లంకులు, కంకణాల ప్లేట్లలో కాళ్లు ఊహకు అందిన రంగులో ఉండటానికి కారణం అది. రంగులద్దినవాడిని తప్పుపట్టలేం. చిన్న నీటిబాతుల ప్లేట్లు ఈ వరసలో చాలా నయం. అన్నట్టు, కోరమాండల్ తీరపు చిన్నబాతు ఆడా మగా ఈ వరసలోనే ఉన్నాయి. బఫాన్ వర్ణనను ఆధారం చేసుకుని గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1789లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. కాటన్ టీల్ అని ఇప్పుడు పిలుస్తున్న పక్షి పేరులో 'కోరమాండలియానస్' అలా నిలిచిపోయింది. ఆ జత దొరికితే వదలొద్దు.

ఒక జాగ్రత్త. బఫాన్ పక్షుల పుస్తకానికి చిన్న సైజులో వేరే బొమ్మలున్నాయి, డ సేవ్ గీసినవి. అవి రంగు లేకుండా వెలువడ్డాయి. ఇప్పుడు రంగులతో కనిపిస్తున్నవి చాలావరకు తర్వాత అద్దినవే. బ్యూయిక్ కర్రచ్చు పక్షులు కూడా అంతే. నీటిపక్షుల సంపుటం 1804లో వచ్చింది, మామూలుగా నలుపు తెలుపుల్లోనే. ఎవరైనా రంగుల బ్యూయిక్ కొంగను 'ఆనాటి రంగు' అని అమ్మితే ఆ మాటకు రుజువు అడగాలి. మార్టినేకు 5కి 3, బాతులకు 4.

ఆడుబాన్: పెద్దది చూడ్డానికి, చిన్నది కొనడానికి

1827 నుంచి 1838 దాకా 87 భాగాల్లో, భాగానికి 5 చొప్పున 435 ప్లేట్లు. తొలి పది ప్లేట్లు ఎడిన్‌బరోలో లిజార్స్ చెక్కాడు. అక్కడ రంగులద్దేవాళ్లు సమ్మె చేయడంతో పని లండన్‌లో హావెల్ చేతికి వెళ్లింది. కాగితం దాదాపు 39 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు. పక్షి అసలు సైజులోనే ఉండాలని పట్టుబట్టడంతో పెద్ద నీటిపక్షులు మెడ వంచక తప్పలేదు. ఫ్లెమింగో తల నేలకు దించి ఉండటం, పెద్ద నీలికొంగ ఒంగి నిలబడటం కాగితం కొలత తెచ్చిన అందాలే. హావెల్ గీతచెక్కుడుతో పాటు ఆక్వాటింట్ (రాగిరేకు మీదే నీడల పూతలు తెచ్చే పద్ధతి) వాడటం వల్ల నీటి మీది బూడిద నీడల్లో సగం అచ్చులోనే వచ్చేస్తుంది, రంగులవాడి చేతి తేడా అంతగా బయటపడదు. కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తే తయారీదారు వాట్‌మన్ పేరు నీటిగుర్తుగా, సంవత్సరంతో సహా ఉండాలి. చుట్టూ రాగిరేకు నొక్కు, అంటే అచ్చు ఒత్తిడికి కాగితం మీద పడ్డ రేకు అంచు గుర్తు, ఉండాలి. ఆ నొక్కు లోపలికి కోసేసిన ప్లేట్లు అరుదేమీ కాదు. ధర మ్యూజియాల స్థాయిలో ఉంటుంది కనుక ఇంతటితో ఆపుదాం.

చిన్న సైజుది అలా కాదు. 1840–44లో ఫిలడెల్ఫియాలో బోవెన్ లితోగ్రాఫులుగా వేసిన 500 ప్లేట్లు, కెమెరా లూసిడా (చూస్తున్నదాని ప్రతిబింబాన్ని గీసే కాగితం మీద చూపే పరికరం) సాయంతో పెద్దవాటి నుంచి తగ్గించినవి. కాగితం సుమారు పదిన్నర అంగుళాలు, ఆరున్నర అంగుళాలు. పై ఎడమ మూల భాగం సంఖ్య, కుడి మూల ప్లేటు సంఖ్య, కింద కుడివైపు బోవెన్ పేరు. కొంగలు, బాతులు, నీటికోళ్లు, ఉల్లంకులు చివరి మూడు సంపుటాల్లో ఉంటాయి. పెద్ద ప్లేట్లలో ఏ వరసా లేకుండా వచ్చిన పక్షులు ఇక్కడ జాతుల వారీగా వచ్చాయి. అందువల్ల ఒకే అంగడిలో వరస సంఖ్యల్లో నాలుగైదు కొంగలు ఒకేచోట దొరికే అవకాశం ఉంది. ఒకే పుస్తకం నుంచి వచ్చినవైతే కాగితం రంగూ మచ్చలూ కలుస్తాయి.

1856 నుంచి వచ్చిన తర్వాతి ముద్రణల్లో వెనక అచ్చుతో వేసిన లేత రంగు నేపథ్యం కనిపిస్తుంది. మొదటి ముద్రణలో చాలా పక్షులు వట్టి కాగితం మీదే ఉంటాయి. తర్వాతివి చేతిరంగు కావని కాదు, పక్షి చేతిరంగే. కానీ తెల్లకొంగల విషయంలో ఆ నేపథ్యం మంచే చేసింది. మొదటి ముద్రణలో కాగితంలో కలిసిపోయే కొంగ, నేపథ్యం వచ్చాక అంచు తేలుతుంది. మార్కెట్ మాత్రం మొదటి ముద్రణకే ఎక్కువ చెల్లిస్తుంది. గోడ మీద వేలాడదీయడానికే అయితే తెల్లపక్షుల్లో తర్వాతి ముద్రణ చవకా, మేలూ. మొదటి ముద్రణకు 4, తర్వాతి వాటికి తెల్లపక్షుల్లో 4, మిగతావాటిలో 3.

గూల్డ్

అచ్చు, రంగు, గీత మూడూ కుదిరిన నీటిపక్షులు కావాలంటే ఇక్కడికే రావాలి. యూరప్ పక్షులు 1832–37లో 448 ప్లేట్లుగా, బ్రిటన్ పక్షులు 1862–73లో 367 ప్లేట్లుగా వచ్చాయి. కాగితం సుమారు 55 సెంటీమీటర్లు, 37 సెంటీమీటర్లు. లితోగ్రాఫు కాబట్టి చుట్టూ రాగిరేకు నొక్కు ఉండదు. ఉంటే అనుమానించండి. భూతద్దంలో గీత సుద్దతో గీసినట్టు గింజగింజగా కనిపించాలి.

రెండు పుస్తకాలకూ తేడా పెద్దదే. యూరప్ పుస్తకంలో గూల్డ్ భార్య ఎలిజబెత్ గీసినవి శుభ్రంగా ఉంటాయి, చిన్నపక్షుల్లో ఆమెది మంచి చేయి. కానీ గూడబాతు, ఫ్లెమింగో వంటి భారీ పక్షులు ఎడ్వర్డ్ లియర్ చేతిలో పడ్డాయి. ఈ పుస్తకంలో అతనివి 68 ప్లేట్లు. అతని పక్షులకు బరువుంది. గూడబాతు మూతి సంచి వేలాడితే నిజంగా వేలాడినట్టే ఉంటుంది. కింద ఎడమవైపు లియర్ పేరున్న కొంగజాతి ప్లేటుకూ పేరులేని దానికీ ధరలో తేడా ఉండటం న్యాయమే.

బ్రిటన్ పుస్తకానికి వచ్చేసరికి చిత్రకారుడు జోసెఫ్ వోల్ఫ్ ప్రభావంతో గూడు, పిల్లలు, నీటి అంచు అన్నీ వచ్చి చేరాయి. రంగుల పని బేఫీల్డ్ కార్ఖానాది. నీటికోడి పిల్లల నల్లటి నూగు, బాతుపిల్ల వీపు మీది పసుపు చుక్క, నీళ్లలో మునిగిన కాలు, ఇవి చూడాలి. నీటి పూత ఎడమ నుంచి కుడికి ఒకే ఊపులో పడిందా, మధ్యలో ఆగి అతుకు పడిందా అన్నదే ఈ వరసలో ప్రతికీ ప్రతికీ వచ్చే ముఖ్యమైన తేడా. అతుకు పడినచోట నీళ్ల మధ్యలో ఒక గట్టులా గీత తేలుతుంది. ఆకాశంలో అయితే ఇంకా బాగా కనిపిస్తుంది.

వచ్చే సమస్య మచ్చలు. ఈ మందపాటి కాగితం మీద గోధుమ చుక్కలు తేలికగా వస్తాయి, ఆకాశపు పల్చటి నీలం మీద అవి దాగవు. తెల్లబరిపించిన ప్లేట్లు వాటికంటే ప్రమాదం. కాగితం అసహజంగా తెల్లగా, తాకితే దూదిలా మెత్తగా, రంగులు గోరువెచ్చదనం పోయి చప్పగా ఉంటే క్లోరిన్ నీళ్లలో ముంచారని అర్థం. కొద్ది మచ్చలున్నదాన్నే ఎంచుకోండి. బ్రిటన్ పుస్తకపు నీటికోళ్లకు, బాతులకు 4.5. లియర్ గూడబాతుకు 5 ఇవ్వక తప్పదు.

మోరిస్, ఇంకొందరు

డ్రిఫీల్డ్‌లో ఫాసెట్ కర్రచ్చు మీద వేసి, ఆడపిల్లల చేత రంగులద్దించిన మోరిస్ బ్రిటిష్ పక్షులు 1850లలో మొదలై చాలా ముద్రణలు చూశాయి. చిన్నవి, చవకైనవి, ఎక్కువగా దొరికేవి. పక్షిశాస్త్రం కోసం కొనేవి కావు, మెడలు అక్కడక్కడా అనుమానాస్పదంగా ఉంటాయి. కానీ రంగు చిక్కగా, శుభ్రంగా నిలిచింది. పుస్తకాల్లో మూసి ఉండటం దానికి కారణం. చేతిరంగు అంటే ఏమిటో భూతద్దంతో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఒకే పక్షి రెండు ప్రతులు కొని పక్కపక్కన పెట్టి చూడండి. 3.5.

సెల్బీ పెద్ద ఎచింగులు 1821–34 నాటివి. చాలా పక్షులు అసలు సైజులో ఉంటాయి. కొంగలు గంభీరంగా ఉన్నా రంగు కాస్త పొదుపు. నోజెమన్, సెప్‌ల డచ్చి పక్షులు 1770–1829 మధ్య 250 ప్లేట్లు, గూడూ గుడ్లతో సహా. నీటిపక్షులు నీళ్ల దేశంలో గీసినవి కావడంతో నిలబడే తీరు మార్టినే కంటే ఎంతో నయం. విడిగా అరుదు.

చేతిలోకి తీసుకున్నాక

మొదటి ప్రశ్న 'ఇది అసలేనా?' అని కాదు, 'ఈ ముద్రణ రంగులతో వెలువడిందా?' అని. తర్వాత అద్దిన రంగు అసలు అచ్చు మీదే ఉంటుంది కాబట్టి మొదటి ప్రశ్నకు అమ్మేవాడు నిజాయితీగానే అవునంటాడు. చెప్పించుకోవలసిన మాట 'ఆనాటి రంగు' అని. వట్టి 'చేతిరంగు' అంటే నిన్న వేసిందీ చేతిరంగే.

పాత కాగితానికి పూసిన జిలెటిన్ పూత కాలక్రమంలో బలహీనపడుతుంది. దాని మీద ఇప్పుడు నీటిరంగు వేస్తే అద్దుడు కాగితం సిరాను పీల్చినట్టు పీలుస్తుంది. అంచులు నూగుగా పాకుతాయి, వెనక్కి చుక్కలుగా దిగుతాయి. ఆనాటి రంగు అంచు కత్తిరించినట్టు ఉంటుంది. రంగు ఒక చిరుగు లోపలికో, మడత గీతలోకో, మచ్చ పైనుంచో వెళ్లిందేమో కూడా చూడాలి. దెబ్బ తగిలాక వేసిన రంగే అలా వెళ్తుంది.

365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి పట్టి చీకట్లో చూడండి. కాగితం నీలంగా వెలిగితే అది ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనాలున్న కాగితం, అంటే నకలు. తెల్లరంగు పసుపుపచ్చగా వెలిగితే జింక్, ముదురు ఊదాగా నల్లబడితే టైటానియం. టైటానియం తెలుపు 1920ల దగ్గర్నుంచే వాడుకలో ఉంది. అలాగే కళ్లు మిరుమిట్లు గొలిపే నీలం, అచ్చ ప్లాస్టిక్ బకెట్ నీలం కనిపిస్తే 1930లలో వచ్చిన థాలో రంగు కావచ్చు.

భూతద్దంలో నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా అల్లుకుని ఉంటే ఆఫ్‌సెట్. చెల్లాచెదురు తుంపరలైతే ఇంక్‌జెట్. చిన్న పెద్ద చుక్కలు వేర్వేరు రంగుల్లో, అంచుల దగ్గర ఒకదాని మీంచి ఒకటి కాస్త జరిగి ఉంటే క్రోమోలితోగ్రాఫు (ఒక్కో రంగుకు ఒక్కో రాయితో అచ్చేసినది), ఆడుబాన్ బీన్ ముద్రణ (1858–60) లాంటిది. అది కూడా పాతదే, విలువైనదే, కానీ చేతిరంగు కాదు. నొక్కు గుర్తును నకళ్ల మీద కూడా ఒత్తిపెడతారు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి.

ఆన్‌లైన్‌లో కొంటే ఈ ఫొటోలు అడగాలి: అంచులతో సహా మొత్తం, వెనకవైపు, పక్క నుంచి దీపం పెట్టి తీసినది, కిటికీకి అడ్డంగా పట్టి తీసినది, కంటి దగ్గర పెద్దది చేసినది. వెనకవైపు ఫొటో ఇవ్వనంటే ప్లేటును అట్టకు అతికించేసి ఉంటారు. అప్పుడు వద్దు.

నకళ్లు, స్కాన్లు

పెద్ద ఆడుబాన్ అసలు సైజులో కావాలంటే 1971–72 నాటి ఆమ్‌స్టర్‌డామ్ ముద్రణ మంచిది. 250 ప్రతులే వేశారు. గుడ్డపీచు కాగితం మీద ఆఫ్‌సెట్, నీటిగుర్తు వాట్‌మన్‌ది కాదు, షుట్ కంపెనీది. అమ్మేవాళ్లలో కొందరు 'ఆడుబాన్ ప్రింటు' అని అక్కడితో ఆపేస్తారు. 1937లో మాక్మిలన్ పుస్తకంలోంచి చించిన పేజీలు ఫ్రేముల్లో తిరుగుతుంటాయి. వాటికి ఫ్రేము ధరకంటే ఎక్కువ ఇవ్వకండి.

బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో చాలా పాత పక్షి పుస్తకాలు ఉచితం. ఆడుబాన్ 435 ప్లేట్లను ఆయన పేరున్న సంస్థే డౌన్‌లోడ్‌కు పెట్టింది. 3000, 4500 పిక్సెళ్ల స్కాన్ అంగుళానికి 300 చుక్కల లెక్కన 10, 15 అంగుళాలకు సరిపోతుంది. దాన్ని రెట్టింపు సైజుకు సాగదీస్తే పక్షి కన్ను మసకబారుతుంది. చాలామంది చేసే తప్పు, ముద్రించేముందు కాగితపు పసుపును తీసేసి తెల్లగా చేయడం. కొంగను తెల్లకాగితం మీద ముందే వట్టిగా వదిలారు కదా, నేపథ్యం తెల్లబడితే కొంగ ఎగిరిపోతుంది, నీడలు మాత్రం గాలిలో మిగులుతాయి. పసుపును సగం వరకే తగ్గించి, మెరుపులేని 300 గ్రాముల పత్తి కాగితం మీద పిగ్మెంట్ సిరాతో వేయించండి. ఉచిత సరుకుకు 4.

వేలాడదీయడం

అట్ట పూర్తిగా పత్తిపీచుది కావాలి. మామూలు అట్ట ఆమ్లం వల్ల బొమ్మ కనబడేందుకు అట్టలో కోసిన కిటికీ అంచు వెంట గోధుమ గీత కాలుస్తుంది. ప్లేటును అట్టకు పట్టి ఉంచడానికి జపాన్ కాగితపు చిన్న పట్టీలు రెండు, గోధుమ గంజితో, పై అంచుకు మాత్రమే. నాలుగు వైపులా అతికిస్తే తేమ మారినప్పుడు కాగితం సాగడానికి చోటులేక అలలు పడుతుంది. సెల్లోటేపు అసలొద్దు. అద్దానికీ కాగితానికీ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే గమ్ పూసిన బాతు రెక్క అద్దానికి అంటుకుంటుంది. వెలుగు 50 లక్స్ లోపు, తేమ 45–55 శాతం. అల్ట్రావయొలెట్‌ను ఆపే అద్దం పెట్టినా కార్మైన్ వెలవడం ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. ఫ్లెమింగోను ఏడాదికి మూడు నెలలు గోడ మీద ఉంచి, తొమ్మిది నెలలు పెట్టెలో పడుకోబెట్టండి. గూడబాతు, తెల్లకొంగ, నారాయణపక్షి ఎక్కువ ఓర్చుకుంటాయి. పెట్టె తీసినప్పుడల్లా అంచులు చూడండి. గంజి వాసనకు వెండిపురుగు మొదట వచ్చేది ఆ రెండు పట్టీల దగ్గరికే.